మంచుదేశం గుడిసెకు కురబలకోట ఉన్ని

ఆరో తరగతిలో భూగోళం అయ్యవారు భూమికి దక్షిణపు కొసన ఏముందిరా అని అడిగితే, నేను లేచి నిలబడి కుప్పం అన్నాను. నా తప్పేమీ లేదు. మా తరగతి గోడకు వేలాడే రాష్ట్రం పటంలో కుప్పం దాటితే మేకు, మేకు దాటితే సున్నం గోడ. అయ్యవారు నా రెండు చెవులూ పట్టుకుని, భూమి గుండ్రంగా ఉంటుందని నా తల తిప్పి మరీ చూపించారు. ఆ ఏడాది పరీక్షలో నాకు వచ్చిన మార్కు కూడా గుండ్రంగానే ఉంది. నాకు బడితో పని లేదని నాకూ, బడికి నాతో పని లేదని బడికీ ఒకేసారి తెలిసింది.

అలాంటివాణ్ణి వెతుక్కుంటూ వచ్చి, ఆ దక్షిణపు కొసన మనుషులు గడ్డకట్టి చావకుండా ఉండేందుకు ఒక గుడిసె చేసిపెట్టమని ఒక పెద్దమనిషి అడిగాడు. నేను సరే అన్నాను. ఇద్దరిలో ఎవరి ధైర్యం ఎక్కువో ఇప్పటికీ తేలలేదు.

ఈ కథ నోటితో చెప్పేటప్పుడు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తుంటాను. అందరూ నవ్వుతారు, టీ వస్తుంది, మాట మారుతుంది. కాగితం మీద టీ రాదు కాబట్టి మిగిలింది కూడా చెప్పాలి.

బడి మానేశాక మదనపల్లెలో ఒక సాయిబు ఉస్తాద్ దగ్గర వడ్రంగం నేర్చుకున్నాను. ఆయన మంచాలూ కుర్చీలూ చేసేవాడు కాదు. ఐసు ఫ్యాక్టరీకి తలుపులు, సైకిల్ వెనక కట్టుకునే ఐసు పెట్టెలు, చేపలవాళ్ళకు పెద్ద పెట్టెలు. రెండు చెక్కల మధ్య వరి ఊక దట్టించి, బయటి చెక్క వెనక తారు కాగితం కొట్టి, లోపల జింకు రేకు పరిస్తే ఐసు సాయంత్రం దాకా కరగదు. తారు కాగితం ఎప్పుడూ బయటి పక్కకే ఉండాలి, లోపలి పక్కకు కొడితే ఊక తడిసి కుళ్ళిపోతుంది అనేవాడు ఉస్తాద్. ఎందుకు అని నేను అడగలేదు. చేతికి అలవాటైన దాన్ని నోటితో ఎందుకు అడగాలి? ఎందుకు అని అడిగే అలవాటే ఉంటే బడిలోనే ఉండిపోయేవాణ్ణి కదా.

డెబ్బైల చివర్లో పుంగనూరులో నా సొంత అంగడి పెట్టాను. కుప్పం స్టేషన్లో ఐసు అమ్మే ఒకతని పెట్టె నేను చేసిందే. ఎనభైలలో ఒక ఎండాకాలం బెంగుళూరు పెద్దమనిషి ఒకాయన రైలు కోసం ఎదురుచూస్తూ, మధ్యాహ్నం దాటినా ఆ పెట్టెలో ఐసు రాయిలాగే ఉండడం చూశాడట. ఎవరు చేశారు అని అడిగి, బస్సెక్కి నా అంగడికి వచ్చాడు. ఆయన పెద్ద పెద్ద ఆఫీసులకు షెడ్లూ డేరాలూ సరఫరా చేసే కాంట్రాక్టరు. మన దేశం నుంచి దక్షిణపు మంచుఖండానికి మనుషుల్ని పంపుతున్నారని, అక్కడ నలుగురు తలదాచుకునే చిన్న గుడిసెలు కావాల్సి ఉందని చెప్పాడు. ముందు ఒకటి మచ్చుకు చేసి చూపించాలి. నచ్చితే నలభై.

చలి లోపలికి రాకూడదు, అంతే, అన్నాడాయన.

"సార్, ఇన్నాళ్ళూ చలిని లోపల పెట్టి తాళం ఏసినోణ్ణి. ఇప్పుడు బయట పెట్టి తాళం ఏస్తాను. పెట్టె అదే కదా" అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. నా మాటకు నేనే మురిసిపోయాను. జరిగిన తప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నేనది మాటగా విన్నాను గానీ పనిగా వినలేదు.

ఊక బరువు, పైగా కొన్నాళ్ళకు కిందికి దిగిపోతుంది. విదేశీ నురుగు షీట్లు దొరకడం కష్టమన్నాడు సారు. అప్పుడు నాకు కురబలకోట మామ గుర్తొచ్చాడు. రక్తసంబంధం ఏమీ లేదు. సంతలో ఆయన భార్యను మా అమ్మ వదినా అని పిలిచేది, దానితో ఆమె నాకు అత్త, ఆయన మామ. గొర్రెలు కాసేవాడు, ఇంట్లో గుంటమగ్గం మీద కంబళ్ళు నేసేవాడు. మా పక్క మామను ఆటపట్టించడం అల్లుడి హక్కు. ఎంత మాటన్నా మామ నవ్వాల్సిందే, లేదా అంతకు మించిన మాట అనాల్సిందే. కోప్పడ్డాడంటే ఓడిపోయినట్టు, ఊరంతా నెల రోజులు చెప్పుకుంటారు. మామ మాటకారి కాడు. అందుకని నవ్వేవాడు. నాకు అంతకన్నా మంచి మామ ఎక్కడ దొరుకుతాడు?

ఆయన పరిస్థితి అప్పటికి బాగాలేదు. మిల్లు దుప్పట్లు వచ్చి కంబళి అడిగేవాళ్ళు లేరు. కత్తిరించిన ఉన్నిని కత్తిరించినవాళ్ళకే కూలి కింద ఇచ్చేస్తున్నారు. నలభై గుడిసెలంటే ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెల ఉన్ని అమ్ముడుపోతుంది. మామ పక్క పల్లెలకు తిరిగి, మన ఉన్ని మంచుదేశం పోతాండాది అని మాట ఇచ్చి వచ్చాడు. ఉన్ని బాగలేకపోతే ఆ మాట ఆయన మీదికి వస్తుంది. అందుకే ఎంత జాగ్రత్త తీసుకున్నాడో నేను కళ్ళారా చూశాను. అత్తా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ పల్లేరు ముళ్ళు ఒక్కటి లేకుండా ఏరి, రెండుసార్లు ఉతికి, బండ మీద పది రోజులు ఎండబెట్టారు. మబ్బు పడితే చాలు, కోడిపిల్లల్ని కప్పెట్టినట్టు పరుగెత్తి ఎత్తేవాళ్ళు. బస్తాలు నా అంగడికి వచ్చిన రోజు మామ నా చెయ్యి పట్టుకుని ఒక్కో బస్తాలో మోచేతి దాకా దూర్చాడు.

"సూడు అల్లుడా, యాడైనా సెమ్మ తగుల్తాందా?"

లోపల వెచ్చగా, పొడిగా, ఎండ వాసన వేస్తూ ఉంది. తగలడం లేదని నా నోటితోనే చెప్పాను.

ఇక గుడిసె. అంగడి నేల మీద సుద్దముక్కతో గీసుకున్నాను. అన్నీ పలకలుగా ఉండాలి, విప్పి ఓడలో వేసుకుని పోయి అక్కడ మళ్ళీ నిలబెట్టుకోవాలి. చేతులకు మందపాటి తొడుగులు ఉంటాయి కాబట్టి చిన్న చిన్న మరలు పనికిరావని సారు చెప్పాడు. నేను రెండు చేతులకూ గోనెపట్టా చుట్టుకుని, ఏ బిగింపు తిప్పగలనో ఏది తిప్పలేనో చూసుకున్నాను. అంగడి ముందు జనం పోగయ్యారు. ఎద్దు గిట్టలతో వడ్రంగం చేస్తున్నట్టు ఉందని ఒకడన్నాడు. చివరికి పెద్ద కొయ్య మేకులే పెట్టాను, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే దిగేవి. తలుపు లోపలికి తెరుచుకునేట్టు చేశాను, బయట మంచు పేరుకుంటే తోసుకుని రాలేరు కాబట్టి. తలుపు తర్వాత చిన్న గది, మళ్ళీ ఇంకో తలుపు. కిటికీకి రెండు అద్దాలు, మధ్యలో గాలి.

పడుకునే అరుగును నేలమట్టానికి వేద్దామనుకున్నాను. మామ చూసి, చలి నీళ్ళ మాదిరి కిందికి దిగి కూర్చుంటుందని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని తాము తట్టలో పెట్టి ఎత్తులో ఉంచుతామని చెప్పాడు. నిజమే అనిపించి అరుగును నడుము ఎత్తుకు లేపి, వాకిలిని ఇంకా కిందికి దించాను. సారు వచ్చి చూసి ఈ ఆలోచన భలే ఉందయ్యా అంటే, తల గోక్కుంటూ నేనే నవ్వాను. ఇది ఈయనది సార్ అని చెప్పలేదు. మామ పక్కనే ఉన్నాడు.

పలకలు సగం అయ్యాయి. బయటి చెక్క వెనక తారు కాగితం కొట్టి, దాని మీద ఉన్ని పరిచి, లోపలి వైపు సన్న చెక్క బిగిస్తున్నాను. మామ బీడీ ఆర్పేసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అల్లుడా, మంద కాడ పండుకున్నప్పుడు తలమింద దాకా కంబడి కప్పుకుంటే, తెల్లారేసరికి లోపలి పక్క తడిసిపోయుంటాది. బయట మంచు లేకపోయినా సరే. అది నా ఊపిరి తడి. నలుగురు మనుసులు ఇంత డబ్బాలో ఊపిరి వొదుల్తా కూసుంటే, ఆ తడంతా యాడికి పోతాది?"

ఇప్పుడు రాసుకుంటుంటే ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తోంది. నా అంగడికి ఇంజనీరు వచ్చినా అంతకన్నా మంచి ప్రశ్న అడిగి ఉండడు. నేనేమన్నాను?

"ఒక బకెట్ పెడతాంలే మామా. నీ ఊపిరి ఎక్కువైతే దాంట్లో వొదులు."

అంగడిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. తెస్తే అల్లుడి మాటకు నొచ్చుకున్నాడని అనుకుంటారు.

గుడిసె పలకల్ని లారీలో కుప్పం తీసుకుపోయి రైలుకు వేశాం. మామ కూడా వచ్చాడు. పలకల్ని గూడ్సు పెట్టెలోకి ఎక్కిస్తుంటే, కూతుర్ని అత్తారింటికి పంపేవాడిలా అటూ ఇటూ తిరిగాడు. బెంగుళూరులో మాంసం నిలవ చేసే ఒక పెద్ద చలి గోదాములో గుడిసెను నిలబెట్టి, నలుగురు మనుషుల్ని మూడు రోజులు అందులో ఉంచి చూస్తామని సారు చెప్పాడు.

మూడు వారాల తర్వాత కబురు వచ్చింది. కుప్పం రండి, మీ సరుకు తిరిగొచ్చింది అని.

స్టేషన్ గూడ్సు షెడ్డులో పలకలు ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. సారు, ఆయన వెంట వచ్చిన ఇద్దరు, గుమాస్తా, హమాలీలు, ఊరికే చూడవచ్చినవాళ్ళు, అందరూ కలిసి ఇరవై మంది దాకా ఉన్నారు. సారు కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. మొదటి రోజు లోపల చొక్కాతో కూర్చున్నారని చెప్పాడు. రెండో రోజుకు స్వెట్టరు కావాల్సి వచ్చింది. మూడో రోజు పొయ్యి ఎంత మండినా వణుకు ఆగలేదు, మనుషుల్ని బయటికి తీసుకొచ్చేశారు. ఒక పలక లోపలి చెక్క ఊడదీయించి చూపించాడు. ఉన్ని నానిన రొట్టెలా ముద్ద కట్టి ఉంది. పిండితే నీళ్ళు కారాయి.

నేను ఆ ముద్దలోకి చెయ్యి పెట్టాను. లోపలి చెక్క దగ్గర తడి కొంచెమే. లోపలికి పోయేకొద్దీ, తారు కాగితం దగ్గర, మొత్తం నీళ్ళే. మంచు పేరుకుని కరిగిన గుర్తు ఆ కాగితం మీద తెల్లగా కనిపిస్తోంది. నా చేతికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. వేడి ఎటు ఉంటే తడి అటునుంచి వస్తుంది. ఐసు పెట్టెకు వేడి బయట, కాబట్టి తారు బయట. గుడిసెకు వేడి లోపల. నలుగురి ఊపిరీ ఉన్నిలోకి నడిచిపోయి, తారు అడ్డం వచ్చి, అక్కడే గడ్డకట్టింది. తారు కాగితాన్ని లోపలి వైపు కొట్టి ఉంటే ఒక్క చుక్క పోయేది కాదు. చలినైతే లోపలినుంచి బయటికి మార్చాను, కాగితాన్ని మాత్రం మార్చలేదు.

సారు అడిగాడు. "ఉన్ని పెట్టేటప్పుడే తడిగా ఉండిందా?"

అందరూ నా వైపు చూశారు. అంతమంది నా వైపు చూస్తే నాకు ఒకటే పని తెలుసు.

"గొర్రెకు చలేసింది సార్, తట్టుకోలేక లోపలే పోసేసింది" అన్నాను. షెడ్డు గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, అదే ఊపులో ఇంకో మాట నా నోట్లోంచి దొర్లింది. "మా మామ ఉతికేది గెవనం పెట్టుకున్నాడు, ఆరబెట్టేది మరిచిపోయినట్టుండాడు."

జనం ఇంకా గట్టిగా నవ్వారు. సారు నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను ఎగతాళికి అన్న మాట ఆయనకు సాక్ష్యం అయింది.

మామ నన్ను చూశాడు. నా చేతిని బస్తాల్లో దూర్చిన మనిషి. ఒక్క మాట అని ఉంటే నేను తల దించుకునేవాణ్ణి. కానీ అల్లుడు ఎగతాళి చేశాడు, ఇరవై మంది నవ్వుతున్నారు, ఇప్పుడు నోరు తెరిచి కాదు అంటే మామ ఉడుక్కున్నాడని ఇంకో నవ్వు. ఆ కట్టుబాటు ఆయన నోరు కట్టేసింది. దాని వెనక నేను దాక్కున్నాను. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును ఇప్పటికీ నేను ఎవరికీ అనుకరించి చూపించలేను, అందరి నవ్వులూ అనుకరించగలను.

సారు నలభై గుడిసెలకూ ఉన్ని వద్దనుకున్నాడు. ఎక్కడో నురుగు షీట్లు దొరికాయట, వేరేవాళ్ళతో చేయించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు లారీలో మామ తడి ఉన్నిని గోనెసంచిలో వేసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరబెడితే దేనికైనా పనికొస్తుంది అన్నాడు. పలమనేరు దాటేదాకా మా ఇద్దరి మధ్యా అదొక్కటే మాట.

మాట మాత్రం మాకన్నా ముందే ఊరు చేరింది. మదనపల్లె సంతలో, పెద్దపంజాణి దాకా, ఆరబెట్టని ఉన్ని మామ అని పేరు పడింది. నా ఎగతాళి అంత బాగుంది మరి. పక్క పల్లెలవాళ్ళు, నీ ఉన్ని వల్లనే మా ఉన్ని బేరం కూడా పోయిందని ఆయనతో వాదన పెట్టుకున్నారు. రెండేళ్ళలో మామ సగం గొర్రెల్ని అమ్మేశాడు. మగ్గం గుంటలో అత్త వేరుశనగ కాయలు పోసింది.

నేను ఊరుకోలేదు. అంటే నోరు ఊరుకుంది, చెయ్యి ఊరుకోలేదు. రెండు చిన్న పెట్టెలు చేశాను. ఒకే చెక్క, మామ దగ్గర మిగిలిన ఉన్నే రెండింట్లోనూ. ఒకదానికి తారు బయట, రెండోదానికి లోపల. వేడినీళ్ళ గిన్నెలు పెట్టి మదనపల్లె ఐసు ఫ్యాక్టరీ చలిగదిలో ఉంచాను, అక్కడే ఉండి పూటపూటకూ నీళ్ళు మార్చాను. నాలుగో రోజు విప్పితే మొదటిదాంట్లో కుప్పంలో చూసిన ముద్దే. రెండోదాంట్లో ఉన్ని, బస్తాలో చెయ్యి పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ పొడి ఉన్నిని చేతిలో పట్టుకుని చలిగదిలో నిలబడ్డాను. సారుకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. ఎవరితోనైనా ఇంగ్లీషులో రాయించవచ్చు. రాసిపెట్టే మనిషికి విషయం చెప్పాలి కదా అని ఆగిపోయాను. ఆ మచ్చు గుడిసె పరీక్ష లేకుండా నేరుగా మంచులోకి పోయి ఉంటే నలుగురు మనుషులు ఏమయ్యేవాళ్ళో కూడా ఆ రోజే మొదటిసారి ఆలోచించాను. చలి వేసింది. చలిగది వల్ల కాదు.

కురబలకోట మీదుగా బస్సులో పోయిన ప్రతిసారీ దిగుదామనుకునేవాణ్ణి. దిగితే మామ నవ్వుతూ ఎదురొస్తాడు, అదే భయం. అలా నాలుగైదేళ్ళు గడిచాయి.

ఎనభైల చివర్లో ఒక రోజు దిగాను. మామ అరుగు మీద తాడు పేనుతున్నాడు, అత్త లోపల కాయలు ఒలుస్తోంది. అల్లుడొచ్చాడని ఆయన తాడు వదిలేసి లోపలికి పిలిచాడు. వీధిలో ఎవరో ఇద్దరు నిలబడి ఉన్నారు, నేను లోపలికి పోయి తలుపు దగ్గరగా వేశాను. కూర్చోకముందే చెప్పేశాను. ఉన్ని తడిగా లేదని, తారు కాగితం నేను తప్పు వైపు కొట్టానని, అది కుప్పంలో చెయ్యి పెట్టిన క్షణంలోనే నాకు తెలుసని, రెండు పెట్టెలు చేసి చూశానని. నా మాటల్లో ఒక్క పరిహాసం కూడా లేదు, బహుశా నా జన్మలో అదే మొదటిసారి.

మామ గోడకు ఆనించిన పీట తీసి నా ముందు వాల్చాడు.

"పోనీలే అల్లుడా" అన్నాడు. "ఎప్పుటి మాటో. నువ్వు మనసులో పెట్టుకోవాకు. మజ్జిగ తాగుతావా?"

నాకు బరువు దిగినట్టయింది. తాగుతాను అన్నాను. అత్త లేవలేదు. ఒలుస్తున్న కాయను చేటలో పడేసి, నేను మూసిన తలుపు వైపు చూసి, నా వైపు చూసింది.

"ఆ పొద్దు మా ఇంటాయన్ను నవ్వులపాలు సేసేదానికి టేసన్లో ఇరవైమంది కావాల్సొచ్చిరి నీకు. తప్పు నాదే అని సెప్పేదానికి మాత్రం, వాకిలేసుకోని మా ఇద్దరి సెవుల్లో ఊదిపోతే సాలునా అప్పా?"